బందరు అద్దకం నుంచి రోల్డ్‌గోల్డ్ దాకా: దిగువ కృష్ణా డెల్టా పరిశ్రమల్లో కూలి ఖర్చు చరిత్ర

ప్రవేశం

ఈ పాఠంలో మనం కూలి చరిత్ర చదువుతాం. గత పాఠాల్లో మీరు చదివిన రాజులు, కంపెనీలు, ఒప్పందాలు ఇందులోనూ కనిపిస్తాయి. కాని ఇక్కడ వాటిని ఒక్క ప్రశ్న కోసమే పలకరిస్తాం. ఒక చీరో, ఒక బస్తా బియ్యమో, ఒక గొలుసో తయారైనప్పుడు దాన్ని చేసిన మనిషి చేతికి ఎంత వచ్చింది? చేయించిన వారికి ఆ మనిషి మీద ఎంత ఖర్చయింది? ఈ రెండూ ఒకటే కదా అని మీకు అనిపించవచ్చు. ఒకటి కావు. అవి ఎక్కడ విడిపోయాయో, ఆ తేడాను ఎవరు భరించారో చూడటమే ఈ పాఠం ఉద్దేశం.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలను ఇందుకు ఎంచుకోవడానికి కారణం ఉంది. నాలుగు వందల ఏళ్లుగా ఇక్కడ అమ్మకానికి వస్తువులు తయారవుతున్నాయి. వాటిని కొన్నవారు లెక్కలు రాసుకున్నారు. బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. వీరంతా ఇక్కడికి వచ్చింది ప్రధానంగా బట్ట కోసం. పని నాణ్యమైనది, కూలి చవక అన్నది ఆనాటి వర్తకుల లెక్క. ఈనాడు పరిశ్రమలు పెట్టమని పిలిచే ప్రకటనల్లోనూ ఇంచుమించు అదే మాట వినిపిస్తుంది. ‘చవక’ అనే ఆ మాటను విప్పి చూడవలసి ఉంది.

ముందుగా కొన్ని పదాలు

కూలివాని చేతికి వచ్చే డబ్బును ద్రవ్య వేతనం అంటారు. ఆ డబ్బుతో కొనగలిగే తిండి, బట్ట, ఇంటి అద్దె వంటివి నిజ వేతనం. యజమాని వైపు నుంచి చూస్తే వచ్చేది శ్రామిక వ్యయం. ఇందులో జీతమే కాక బోనసు, ప్రావిడెంట్ ఫండు, వైద్య బీమాకు కట్టే వాటా, సెలవు రోజుల జీతం కూడా చేరతాయి. ఈ మొత్తాన్ని తయారైన సరుకు పరిమాణంతో భాగిస్తే యూనిట్ శ్రామిక వ్యయం వస్తుంది. అంటే ఒక గజం బట్టలో, ఒక క్వింటాలు చక్కెరలో ఉన్న శ్రమ ఖర్చు.

ఈ నాలుగో పదాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. పరీక్షల్లో విద్యార్థులు తరచుగా తడబడేది ఇక్కడే. కూలి ఎక్కువైన చోట సరుకు ఖరీదవుతుందని రాస్తారు. అన్నిసార్లూ అలా కాదని కాసేపట్లో మీరే లెక్క వేసి చూస్తారు.

రేవుపట్టణం, దాని వెనుక ఊళ్లు

డచ్చి కంపెనీ 1605-06లో, ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీలు పెట్టాయి. ఫ్రెంచివారు 1669లో వచ్చారు. అప్పుడు ఇది గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యంలోని ప్రధానమైన రేవు. పర్షియాకు, బర్మా తీరానికి, సుమత్రాకు ఇక్కడి నుంచి ఓడలు వెళ్లేవి. మలుకు దీవుల్లో లవంగాలు, జాజికాయలు కొనాలంటే అక్కడివారికి కోరమండల్ బట్టలు ఇవ్వాలని డచ్చివారు త్వరలోనే గ్రహించారు. కాబట్టి బందరు వెనుక ఊళ్లలో నేసిన గుడ్డ ఒక రకంగా సుగంధ ద్రవ్యాలను కొనే నాణెం అయింది.

ఆ గుడ్డ ఒక్కరి చేతి పని కాదు. ఆడవాళ్లు ఇళ్లలో నూలు వడికేవారు. పద్మశాలీలు, దేవాంగులు నేసేవారు. చాకళ్లు చలవ చేసేవారు. అద్దకపువారు కరక్కాయ రసంలో, పాలలో గుడ్డను నానబెట్టి ఆరబెట్టేవారు. తుప్పు ఇనుమును బెల్లపు నీళ్లలో ఊరవేసి నలుపు తీసేవారు. పటిక అద్దిన చోట చిరివేరుతో ఉడికిస్తే ఎరుపు పట్టేది. ఒక్కో రంగు తరువాత గుడ్డను పారే నీళ్లలో జాడించి ఎండబెట్టాలి. 1618 నుంచి 1622 వరకు ఇక్కడి ఇంగ్లీషు కోఠీలో ఉన్న విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన వివరణలో ఈ చిరివేరు ప్రస్తావన ఉంది. పెడన, పోలవరం గ్రామాల్లో కలంకారి చేసేవారిని ఈనాడు అడిగినా దాదాపు ఇదే క్రమం చెబుతారు. ఇప్పుడు బందరు కలంకారి ఎక్కువగా చెక్క అచ్చులతో చేస్తారు. కలంతో గీసే పద్ధతి శ్రీకాళహస్తిది. మొత్తం మీద ఆ గుడ్డ ధరలో ముడిసరుకు కొంత, మిగిలింది మనుషుల చేతులు.

వెండిలో ఒక మాట, గింజల్లో మరో మాట

ఆనాటి నేతపనివారి కూలి ఇంగ్లండులో నేతపనివారి కూలి కంటే తక్కువా? ఈ ప్రశ్న మీద గత పాతికేళ్లుగా ఆర్థిక చరిత్రకారులు గట్టిగా వాదించుకుంటున్నారు. ఈ వాదం మీరు తెలుసుకోదగినది.

ప్రసన్నన్ పార్థసారథి 1998లో ప్రచురించిన వ్యాసంలో 18వ శతాబ్దపు దక్షిణ భారత నేతపనివారి కూలిని ధాన్యంలోకి మార్చి చూశారు. వారం కూలితో ఎన్ని గింజలు వస్తాయి అన్నది ఆయన కొలత. ఆ కొలతతో చూస్తే ఇక్కడివారు బ్రిటన్ నేతపనివారికి ఏమీ తీసిపోలేదు. మన గుడ్డ చవకగా ఉండటానికి కారణం నేతగాడి పేదరికం కాదని, తిండి గింజలు చవకగా దొరకడమని, అందుకు ఇక్కడి వ్యవసాయపు దిగుబడి తోడ్పడిందని ఆయన వాదం.

స్టీఫెన్ బ్రాడ్‌బెరీ, బిష్ణుప్రియ గుప్తా 2006లో దీనికి బదులిచ్చారు. భారతదేశంలోని మంచి ప్రాంతాల్లో ధాన్యపు కూలి వాయవ్య యూరప్‌తో పోల్చదగినదేనని వారూ ఒప్పుకున్నారు. కాని వెండిలో కొలిస్తే చాలా తక్కువ అన్నారు. 18వ శతాబ్దం తొలినాళ్లలో బ్రిటన్ కూలి భారతదేశపు కూలికి నాలుగు రెట్లకు పైగా ఉండేదని వారి తరువాతి వ్యాసం చెబుతుంది.

ఇద్దరిలో ఎవరు నిజం అని అడగకండి. ఇద్దరూ రెండు వేరు వస్తువులను కొలిచారు. ఇంటి పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి గింజల లెక్కే లెక్క. ఓడ ఎక్కించే వర్తకుడికి వెండి లెక్కే లెక్క. ఒకే కూలి ఒకరికి కడుపు నింపేదిగా, ఇంకొకరికి కారుచవకగా కనిపించడంలో వింత లేదు. ఈ పాఠ రచయిత అభిప్రాయంలో, ‘తూర్పు దేశాల చవక కూలి’ అనే మాట పుట్టింది ఈ రెండో లెక్క నుంచే. మొదటి లెక్క ఎవరి చిట్టాలోకీ ఎక్కలేదు.

అయితే గింజల లెక్క ఎప్పుడూ ఒకేలా ఉండేది కాదు. అప్పటికి కృష్ణకు ఆనకట్ట లేదు. బందరుకు బియ్యం చాలా భాగం ఒరిస్సా, బెంగాల్ తీరాల నుంచి పడవల మీద వచ్చేది. వాన తప్పితే ధర ఎక్కడికో వెళ్లేది. 1630-32 కరువు గుజరాత్, దక్కన్‌లతో పాటు ఈ తీరాన్నీ తాకింది. నేతవారు, చలవ పనివారు పెద్ద సంఖ్యలో చనిపోయారని కోఠీల ఉత్తరాల్లో కనిపిస్తుంది. వర్తకుల దృష్టిలో అది సరుకు అందకపోవడం. డబ్బులో కూలి తగ్గకుండానే నిజ వేతనం శూన్యం కావచ్చు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

బయానా ఎప్పుడు సంకెల అయింది

నేతపనికి ముందుగా డబ్బు ఇవ్వడం పాత ఆచారం. వర్తకుడు బయానా ఇస్తాడు, నేతగాడు దానితో నూలు కొని, పని పూర్తయ్యే దాకా ఇల్లు గడుపుకొంటాడు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. మరో వర్తకుడు మంచి ధర ఇస్తానంటే నేతగాడు బయానా తిరిగి ఇచ్చివేసి ఒప్పందం వదులుకోగలిగేవాడు. రేవులో డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, పర్షియా వర్తకులు, మన కోమటి వర్తకులు అందరూ కొనేవారే. కొనేవారు పదిమంది ఉన్నంతకాలం నేతగాడి మాటకు విలువ ఉండేది. బేరం కుదరకపోతే మగ్గం ఎత్తుకొని వేరే ఊరు వెళ్లడం కూడా అతని చేతిలోని ఆయుధమే. మగ్గం పెద్ద బరువు కాదు. నేతగాణ్ని పోగొట్టుకోవడం ఊరి పెద్దలకు ఇష్టం ఉండేది కాదు.

1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నాడు. 1765 మొగలు ఫర్మానా, 1766 నిజాం ఒప్పందం తరువాత ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి. దీన్ని మీరు రాజకీయ చరిత్రగా ఇదివరకే చదివారు. కూలి చరిత్రలో దీని అర్థం వేరు. కొనేవాడే పాలకుడయ్యాడు. కంపెనీ క్రమంగా మధ్య వర్తకులను తప్పించి గుమాస్తాల ద్వారా నేరుగా బయానాలు ఇవ్వసాగింది. బయానా తిరిగి ఇచ్చి బయటపడే హక్కు పోయింది. కంపెనీ పని ఒప్పుకున్నవాడు ఇతరులకు నేయకూడదు. పని ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతు కూర్చునేవాడు, అతని బత్తెం కూడా నేతగాడి మీదే పడేది. ధర కంపెనీ చెప్పినదే. నేతవారు అర్జీలు పెట్టారు, పని మానేశారు, ఊళ్లు ఖాళీ చేశారు. కంపెనీ రికార్డుల్లో ఈ గొడవలు చాలానే ఉన్నాయి.

ఇంతకుముందు నేతగాడికి రక్షణగా ఉన్న బయానా ఇప్పుడు అతన్ని కట్టిపడేసే అప్పుగా మారింది. కూలి రేటు తగ్గించవలసిన పని కూడా అంతగా లేదు. బేరం చేసే దారి మూసేస్తే చాలు.

ఒక లెక్క వేసి చూడండి

ఇదే కాలంలో బ్రిటన్‌లో జరిగినదేమిటి? భారతదేశపు అద్దకపు గుడ్డలు తమ పొట్ట కొడుతున్నాయని అక్కడి పనివారు ఆందోళన చేశారు. 1700లోను, 1721లోను పార్లమెంటు ఆ గుడ్డల మీద నిషేధపు చట్టాలు చేసింది. ఆ రక్షణ నీడలో, తమ ఖరీదైన కూలిని ఆదా చేసే యంత్రాల కోసం అక్కడివారు వెతికారు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. నూరు పౌన్ల దూదిని సన్న నూలుగా వడకడానికి భారతీయ చేతివడుకుకు 50,000 పనిగంటలకు పైగా పట్టేదని పరిశోధకుల అంచనా. 1780 నాటి క్రాంప్టన్ ‘మ్యూల్’ యంత్రం మీద అది 2,000 గంటలు. 1825 ప్రాంతపు రాబర్ట్స్ స్వయంచాలక మ్యూల్ మీద 135 గంటలు. భారతీయ కూలి గంటకు ఒక పాలు అనుకోండి, బ్రిటన్ కూలి నాలుగు పాళ్లు అనుకోండి. మన వైపు శ్రమ ఖర్చు 50,000 పాళ్లు. 1780లో వారిది 8,000 పాళ్లు. 1825 నాటి యంత్రం మీద 540 పాళ్లు. నాలుగు రెట్లు ఎక్కువ కూలి ఇచ్చి కూడా నూలులోని శ్రమ ఖర్చును వారు మనదానిలో తొంభయ్యో వంతుకు దించారు. యంత్రం ఖరీదు, బొగ్గు, దూదిని ఓడలో తెచ్చిన ఖర్చు కలిపినా తేడా పూడదు.

ఇప్పుడు ఈ పాఠం మొదట్లో చెప్పిన యూనిట్ శ్రామిక వ్యయం దగ్గరకు తిరిగి వెళ్లండి. మన ఊళ్లలో రాట్నం తిప్పిన ఆడవారు ఎంత తక్కువ కూలికి ఒప్పుకున్నా ఆ పోటీలో నిలబడగలిగేవారు కారు. ఇంతకంటే తక్కువకు వడికితే తినడానికి ఉండదు, వడకకపోతే అసలే ఉండదు. వారి పని పోయింది. వారి పేర్లు ఏ చిట్టాలోనూ లేవు, ఎందుకంటే వడుకును ఎవరూ పరిశ్రమగా లెక్కించలేదు.

నేతవారి కథ కొంచెం వేరు. మిల్లు నూలు చవకగా రావడంతో వారిలో కొందరు నిలదొక్కుకున్నారు. కాని 1813లో కంపెనీ గుత్తాధిపత్యం తొలగి, 1833 చార్టరుతో దాని వ్యాపారమే ఆగిపోయాక బందరు నుంచి పెద్ద కొనుగోళ్లు నిలిచిపోయాయి. అదే సమయంలో 1832-33లో నందన కరువు వచ్చింది. దాన్నే డొక్కల కరువు అంటారు. పొరుగున ఉన్న నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరుతో ఒకప్పుడు ఇక్కడి గుడ్డ అమ్ముడయ్యేది. తరువాత ఇంగ్లీషు మిల్లులు నేసిన గుడ్డ అదే ‘మదపొల్లం’ పేరుతో మార్కెట్లో తిరిగింది. పేరు మనదే, కూలి మాంచెస్టరుది. 1869లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఎరుపు రంగును ప్రయోగశాలలో తయారు చేయడంతో చిరివేరు తవ్వేవారి పని కూడా నశించింది.

ఆనకట్ట తరువాత

1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ఈ ప్రాంతపు కూలి లెక్కను మొత్తంగా మార్చింది. కాలువ నీళ్లు గుడివాడ, బందరు, దివి తాలూకాలకు చేరాయి. వరి ప్రధాన పంట అయింది. ఒకప్పుడు బియ్యం దిగుమతి చేసుకున్న చోటి నుంచి బియ్యం ఎగుమతి మొదలైంది. 1908లో బెజవాడ-బందరు రైలుమార్గం తెరిచాక గుడివాడ ధాన్యపు మార్కెట్టుగా ఎదిగింది.

దీనివల్ల పరిశ్రమలకు కొత్త కొలబద్ద వచ్చింది. మిల్లులో ఇచ్చే కూలిని మనుషులు పొలం కూలితో పోల్చి చూసుకోసాగారు. నాట్లు, కోతల రోజుల్లో మిల్లుకు మనుషులు దొరకరు. మిగిలిన నెలల్లో కావలసినంతమంది. చల్లపల్లి జమీందారీలో రైతులు, కూలీలు 1930ల నుంచి సాగించిన ఆందోళనలు పొలానికి సంబంధించినవే అయినా, పొలం కూలి పెరిగితే మిల్లు కూలీ దాని వెంట నడవక తప్పదు. కాబట్టి ఈ ప్రాంతపు పారిశ్రామిక కూలి చరిత్ర రాసేవారు కర్మాగారం గేటు బయట కూడా నిలబడి చూడాలి.

బియ్యపు మిల్లు తెచ్చిన మార్పును ప్రత్యేకంగా చూడండి. అంతకుముందు వడ్లు దంచడం ఆడవారి పని. కూలి చాలా వరకు నూకలు, తవుడు, కొంత బియ్యం రూపంలో ముట్టేది. మర వచ్చాక దంపుళ్లు తగ్గాయి. మిల్లులో బస్తాలు మోసే జట్టు కూలీలు మగవారు, వారికి బస్తాకు ఇంత అని డబ్బు. ఒక పరిశ్రమ పుట్టింది, ఉద్యోగాలు వచ్చాయి అని మనం రాసుకుంటాం. ఆ ఉద్యోగాలు ఎవరి చేతుల్లోంచి ఎవరి భుజాల మీదికి మారాయో రాసుకోం.

స్వదేశీ ఉద్యమ కాలంలో బందరులో 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల చేతివృత్తులను చదువులో భాగం చేసింది. ఖద్దరు ఉద్యమం మళ్లీ రాట్నాన్ని తెచ్చింది. వెంటనే పాత చిక్కే తిరిగి వచ్చింది. ఖద్దరు అమ్ముడుపోవాలంటే చవకగా ఉండాలి. చవకగా ఉండాలంటే వడికే ఆమెకు అణాల్లో కూలి. 1935లో గాంధీ ఈ విషయం నేరుగా ఎత్తారు. ఎనిమిది గంటల వడుకుకు ఎనిమిది అణాలు ఉండాలన్నది ఆయన ఆదర్శం. అఖిల భారత చరఖా సంఘం అంత ఇవ్వలేకపోయినా, బతకడానికి చాలిన కూలి అనే సూత్రాన్ని ఒప్పుకుంది. ఖద్దరు ధర పెరిగింది, కొనేవారు సణిగారు. సరుకు ధర నుంచి కూలిని లెక్కించడం మాని, బతుకు ఖర్చు నుంచి కూలిని, కూలి నుంచి ధరను లెక్కించే ప్రయత్నం ఇది. మనదేశంలో కనీస వేతనాల చట్టం రావడానికి 13 ఏళ్ల ముందు జరిగింది.

చట్టం రాసిన జీతం

1948లో ఫ్యాక్టరీల చట్టం, కనీస వేతనాల చట్టం, ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చాయి. 1952లో ప్రావిడెంట్ ఫండు, 1965లో బోనసు, 1972లో గ్రాట్యుటీ చట్టాలు వాటికి తోడయ్యాయి. కనీస వేతనాల చట్టం మొదటి జాబితాలోనే బియ్యపు మిల్లులు ఉన్నాయి. గుడివాడ మిల్లు కూలీ ఆ రోజున మొదటిసారి చట్టం కంటికి కనిపించాడని చెప్పవచ్చు.

దివిసీమలో చల్లపల్లి దగ్గర లక్ష్మీపురం, ఎగువన ఉయ్యూరు చక్కెర కర్మాగారాల వంటి చోట్ల ఈ చట్టాల ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. చక్కెర పరిశ్రమకు కేంద్రం 1957లో వేతన మండలిని వేసింది. చెరకు గానుగ ఏడాదిలో కొన్ని నెలలే ఆడుతుంది. అందువల్ల సీజను కార్మికుడికి పని లేని నెలల్లో జీతంలో కొంత భాగం నిలుపుదల భత్యంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఖాళీ నెలల తిండి ఖర్చును కూడా సరుకు ధరలో చేర్చడం అన్నమాట. బందరు అద్దకపువారికి వానాకాలంలో గుడ్డలు ఆరవు, పని ఉండదు. ఆ నెలలకు వారికి ఏ భత్యమూ లేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. చల్లపల్లి షుగర్స్ పేరుతో 1970ల నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఆదాయపు పన్ను చదివేవారందరికీ తెలుసు. కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టక ముందు యంత్రాల కోసం చేసిన అప్పుకు కట్టిన వడ్డీని ఆ యంత్రాల అసలు ఖరీదులో కలుపుకోవచ్చని కోర్టు అంది. న్యాయమైన మాటే. కాని పని లేని నెలల్లో నేతగాడో అద్దకపువాడో చేసిన అప్పుకు వడ్డీ మాత్రం ఏ చీర ఖరీదులోనూ కలవదు.

ఒకే పట్టణం, రెండు చిట్టాలు

ఇప్పుడు మచిలీపట్నానికి రండి. 1926లో ఇక్కడ ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ మొదలైంది. ప్రయోగశాలల పరికరాలు చేసేది. 1983లో దాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. అందులో పనిచేసే శాశ్వత ఉద్యోగి జీతం స్కేలు ప్రకారం ఉంటుంది. ధరల సూచీ పెరిగితే కరువుభత్యం పెరుగుతుంది. ఆయన మీద సంస్థ పెట్టే ప్రతి రూపాయీ పుస్తకంలో కనిపిస్తుంది.

అదే పట్టణంలో వేలాది కుటుంబాలు రోల్డ్‌గోల్డ్ పని మీద బతుకుతున్నాయి. పోతేపల్లిలో ఈ పరిశ్రమ కోసం ప్రత్యేకంగా జ్యుయలరీ పార్కు ఉంది. అయినా పనిలో పెద్ద భాగం ఇప్పటికీ ఇళ్లలోనే. తీగ లాగడం ఒకచోట, టంకం పెట్టడం ఒకచోట, రాళ్లు అతకడం ఇంకోచోట, పూత చివరకు మరోచోట. రాళ్లు అతికే పని ఎక్కువగా ఆడవారిది, కూలి డజనుకు ఇంత. ఈ కూలిలో ఏమేమి లేవో ఒకసారి రాసి చూడండి. గది అద్దె లేదు, దీపం కరెంటు లేదు, కళ్లద్దాలు లేవు, చెడిపోయిన ముక్క తాలూకు నష్టం లేదు, సాయం చేసిన కూతురి గంటలు లేవు. అవన్నీ ఖర్చులే. యజమాని చిట్టాలో లేవు కనుక మాయం కాలేదు, ఇంటి మీదికి వచ్చాయి.

ఇల్లే కర్మాగారమైతే తుపాను కూడా పరిశ్రమ నష్టమే. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో బందరు ప్రాంతంలో 30,000 మంది దాకా చనిపోయారు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో దాదాపు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. కర్మాగారం కూలితే బీమా, పరిహారం గురించి మాట్లాడతాం. మగ్గం ఉన్న పూరిల్లు కొట్టుకుపోతే అది కేవలం ఇల్లు పోవడంగానే లెక్కకు వస్తుంది.

దేశవ్యాప్త అంకెలు ఇక్కడ పనికివస్తాయి. 1959 నుంచి జరుగుతున్న వార్షిక పరిశ్రమల సర్వే కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది పనివారున్న కర్మాగారాలనే చూస్తుంది. అందులో నికర జోడించిన విలువలో కార్మికుల వేతనాల వాటా 1980ల ఆరంభంలో దాదాపు 30 శాతం. 2000ల చివరికి అది 10 శాతం దరిదాపులకు పడిపోయింది. తరువాత కొంత కోలుకుంది. అదే సర్వేలో కాంట్రాక్టు కార్మికులు 2000 ప్రాంతంలో ఐదుగురిలో ఒకరు, 2020ల ఆరంభానికి ఐదుగురిలో ఇద్దరు. 2019 జులై నుంచి ఉద్యోగుల రాజ్య బీమాకు యజమాని వాటాను 4.75 నుంచి 3.25 శాతానికి తగ్గించారు. అంటే చట్టం రక్షణ ఉన్న వారిలోనూ శ్రామిక వ్యయం సన్నబడుతూ వచ్చింది.

అమెరికా కార్మిక గణాంక సంస్థ ప్రచురించిన అంచనా ఒకటి తరచుగా ఉదహరిస్తారు. 2005లో భారతదేశపు వ్యవస్థీకృత తయారీ రంగంలో గంటకు శ్రామిక వ్యయం 91 సెంట్లు, అంటే అమెరికా స్థాయిలో దాదాపు 3 శాతం. ఈ అంకె చూసి మన కూలి ఎంత చవకో అని ఆశ్చర్యపోయేవారు ఒక మాట మరచిపోతారు. ఇది ప్రావిడెంట్ ఫండు, బోనసు ఉన్న వారి లెక్క. తయారీ రంగంలో పనిచేసే వారిలో సుమారు ఐదో వంతు మందే ఇందులో ఉన్నారు. పెడన అద్దకపు పాకలు, బందరులో రాళ్లు అతికే ఇళ్లు ఈ 91 సెంట్లలోకి రాలేదు. భారత్ ఎలక్ట్రానిక్స్ ఉద్యోగి వచ్చాడు.

అభ్యాసం

మీ ఊళ్లో ముక్కకు ఇంత, బస్తాకు ఇంత, చీరకు ఇంత అని కూలి తీసుకునే ఒకరిని ఎంచుకోండి. వారి అనుమతి తీసుకొని, ఒక వారం పాటు వారి పనిగంటలు, వచ్చిన కూలి రాయండి. వారే పెట్టుకున్న కరెంటు, పనిముట్లు, ప్రయాణం, ఇంట్లోవారి సాయం విడిగా రాయండి. మొదట కూలిని గంటలతో భాగించండి. తరువాత ఆ ఖర్చులు తీసేసి, సాయం చేసినవారి గంటలు కలిపి మళ్లీ భాగించండి. రెండు అంకెలనూ మీ జిల్లాలో ఆ పనికి దగ్గరగా ఉన్న కనీస వేతనంతో పోల్చండి. ఆ వారం కిలో బియ్యం ధర పక్కన రాసి, మూడో అంకెగా గంట కూలికి ఎన్ని గ్రాముల బియ్యం వస్తుందో కట్టండి. జవాబును సంప్రదింపు తరగతికి తీసుకురండి. వారి పేరు, ఇంటి వివరాలు మాత్రం రాయవద్దు.